గేరు పడటం లేదా? లెగ్గు విప్పే ముందు ఇవి చూడండి

బోటు వెనక తగిలించే పాత ఔట్‌బోర్డు మోటారుకు గేరు సరిగా పడటం లేదనగానే చాలామంది లెగ్గు (మోటారులో నీళ్ళలోకి దిగే కింది భాగం) విప్పేసి, కొత్త గేర్ల సెట్టు ఎంతవుతుందో వాకబు మొదలుపెడతారు. అసలు తప్పు పైన లివరు దగ్గర ఉందా, కింద గేర్ పెట్టెలో ఉందా, నీటిని నెట్టే ఫ్యానులో (ప్రొపెల్లరులో) ఉందా అన్నది ముందు తేలాలి. దానికి అరగంట సమయం, రెండు పానాలు, ఒక కట్టింగ్ ప్లయరు చాలు. జువ్వలదిన్నె, మైపాడు, కొత్తపట్నం, పాకల ఒడ్డున ఫైబర్ బోట్లకు వాడే ముందు, న్యూట్రల్, రివర్స్ ఉన్న చిన్న టూ స్ట్రోక్ మోటార్లకు ఈ పద్ధతి పనికొస్తుంది. పొడవాటి షాఫ్టు చివర ఫ్యాను ఉండే లాంగ్‌టెయిల్ ఇంజన్లకు ఈ తరహా గేర్ పెట్టె ఉండదు కాబట్టి వాటి సంగతి వేరు.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ఇంజన్ నుంచి దిగే నిలువు షాఫ్టు చివర పినియన్ అనే చిన్న గేరు ఉంటుంది. అది ముందు గేరునూ రివర్స్ గేరునూ ఎప్పుడూ ఎదురెదురు దిశల్లో తిప్పుతూనే ఉంటుంది. ఆ రెండింటి మధ్య, ఫ్యాను షాఫ్టు మీద అటూ ఇటూ జరిగే దిమ్మె పేరు డాగ్ క్లచ్. మీరు లివరు కదిపితే షిఫ్ట్ రాడ్డు, దాని చివర ఉన్న క్యామ్ కలిసి ఈ దిమ్మెను ఒక గేరు పళ్ళలోకి నెడతాయి. అంతే. ఫ్యానును తిప్పే బలమంతా ఆ కొద్దిపాటి పళ్ళ అంచుల మీదే పడుతుంది. అంచులు పదునుగా ఉన్నంతకాలం గేరు నిలుస్తుంది, గుండ్రంగా అరిగాయంటే జారుతుంది. అల విరిగే చోట గేరు జారితే బోటు అడ్డం తిరిగి బోల్తా పడే ప్రమాదం ఉంది. అందుకే చిన్న చప్పుడే కదా అని ఈ జబ్బును నానబెట్టకూడదు.

పరీక్ష మొదలుపెట్టే ముందు స్పార్క్ ప్లగ్గుల వైర్లు పీకేయండి. గేరులో ఉన్న మోటారు ఫ్యానును చేత్తో తిప్పితే ఇంజన్ కూడా తిరుగుతుంది, ఒక్క నిప్పురవ్వ పడితే వేళ్ళు పోతాయి. ఇక ఫ్యానును ఒక చేత్తో మెల్లగా తిప్పుతూ రెండో చేత్తో లివరు కదపండి. తిప్పకుండా కదపొద్దు. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు పళ్ళకు పళ్ళు ఎదురుపడి ఆగిపోతాయి, అప్పుడు బలం పెడితే రాడ్డు వంగుతుంది.

న్యూట్రల్‌లో ఫ్యాను రెండువైపులా తేలిగ్గా తిరగాలి. రివర్స్‌లో రెండువైపులా పట్టాలి. ముందు గేరులో కొన్ని మోటార్లు ఒకవైపు గట్టిగా పట్టి, రెండోవైపు టకటకమంటూ తిరుగుతాయి. అది వాటి తయారీలో ఉన్నదే, జబ్బు కాదు. రెండువైపులా జారితే మాత్రం గేరు పూర్తిగా పడనట్టే. న్యూట్రల్‌లో ఒకవైపు రాసుకుంటున్నా, ఒక గేరు లోతుగా పడి రెండోది అంచు మీదే ఆగుతున్నా, మొదట అనుమానించాల్సింది పైనున్న సర్దుబాటునే.

ఇప్పుడు అసలు పరీక్ష. పై షిఫ్ట్ రాడ్డూ కింది రాడ్డూ ఒక జాయింటు దగ్గర కలుస్తాయి. కొన్నిటిలో అది బయటికే కనిపిస్తుంది, కొన్నిటిలో లెగ్గు పక్కనున్న రబ్బరు మూత తీస్తే దొరుకుతుంది. విప్పే ముందు మర ఎంత దూరం ఎక్కి ఉందో లెక్కపెట్టి పెయింటుతో గీత పెట్టుకోండి. ఈ ఒక్క గీత లేక రోజంతా పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. జాయింటు విడదీశాక పైన లివరు కదిపి చూడండి. అప్పుడూ బిగుసుకుపోయి ఉంటే జబ్బు పైనే. లివరు తేలిగ్గా ఆడుతుంటే, కింది రాడ్డును ప్లయరుతో పట్టుకుని ఫ్యాను తిప్పుతూ కదపండి. మూడు చోట్లా స్పష్టంగా ఆగుతూ కదిలితే గేర్ పెట్టె లోపల నెట్టే భాగాలు పనిచేస్తున్నట్టే. రాడ్డు కదలకపోతేనో, కదిలినా గేరు పడకపోతేనో లెగ్గు విప్పక తప్పదు.

పైన దొరికేవి సాధారణంగా చిన్న తప్పులే: ఉప్పు పట్టి బిగుసుకున్న ఇరుసు, అరిగిపోయిన ప్లాస్టిక్ బుష్షు, ఊడిపోయిన స్ప్లిట్ పిన్ను. లివరు న్యూట్రల్‌కు వచ్చినప్పుడు టక్కున ఆగేలా ఒక చిన్న గుండూ స్ప్రింగూ ఉంటాయి. పాత గ్రీజు ఇసుకతో కలిసి గట్టిపడితే ఆ గుండు గుంటలో కూర్చోదు, న్యూట్రల్ ఎక్కడుందో చేతికి తెలియదు. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, నీటికి కొట్టుకుపోని మెరైన్ గ్రీజు పెట్టండి. ప్రతి బుష్షు దగ్గరా కొంచెం ఆట ఉంటే అన్నీ కలిసి లివరు సగం దారి తినేస్తాయి, గేరు సగమే పడుతుంది. అలా సగం పడిన గేరే పళ్ళ అంచులు తినేది.

కిందికి వెళ్తే మొదట ఆయిలు చూడాలి. మోటారు నిటారుగా పెట్టి కింది స్క్రూ, తర్వాత పై స్క్రూ తీయండి. మొదటి చుక్కల్లోనే నీళ్ళు వస్తే సముద్రపు నీరు లోపల నిలిచినట్టు. ఆయిలు పాల రంగులో ఉంటే నీరు కలిసి చిలికినట్టు. అలాంటప్పుడు ఫ్యాను తీసి దాని వెనక చూడండి. షాఫ్టుకు చుట్టుకున్న నైలాన్ వల దారం ఆయిల్ సీలు పెదవిని కోసేస్తుంది. షిఫ్ట్ రాడ్డు పెట్టెలోకి దిగే చోట ఉండే రబ్బరు రింగు గుండా కూడా నీరు దిగుతుంది. ఆయిలును వేళ్ళ మధ్య రుద్దితే మెత్తటి బూడిదరంగు పొడి తగలడం వయసు అరుగుదల. గోటికి గుచ్చుకునే ముక్క కనిపిస్తే పన్ను విరిగింది, ఆ మోటారును ఇక తిప్పొద్దు.

బరువు మీద టక్‌మని కొట్టి, ఇంజన్ ఒక్కసారి అరిచి, మళ్ళీ పట్టుకుంటుంటే, సర్దుబాటు సరిగానే ఉంటే, డాగ్ క్లచ్ అరిగినట్టే. విప్పి వెలుతురులో పట్టుకుని చూడండి. మంచి పన్ను అంచుకు గోరు అడ్డుతగులుతుంది, అరిగిన దాని మీద గోరు జారిపోతుంది. పన్ను అంచు మెరుస్తూ వాలుగా ఉంటే దాన్ని ఆకురాయితో రాసి సరిచేయాలని చూడకండి, పైన ఉన్న గట్టిపొర పోయి నెల తిరక్కుండా మళ్ళీ జారుతుంది. డాగ్ మార్చేటప్పుడు దాన్ని పట్టే ముందు గేరు పళ్ళనూ చూడాలి. అరిగిన గేరు మీద కొత్త డాగ్ వేస్తే డబ్బు దండగ. కొన్ని మోటార్లలో డాగ్ ఒకవైపు ముఖం మీద ఎఫ్ అక్షరం ఉంటుంది, అది ముందు గేరు వైపు రావాలి. గేరు మార్చితే షిమ్ములు (సందు సరిచేసే పలుచటి రింగులు), పళ్ళ మధ్య సందు కొలవాలి కాబట్టి ఆ పని కొలతలు తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి.

గేరు జబ్బులా కనిపించి గేరు జబ్బు కానివి రెండున్నాయి. మొదటిది ఫ్యాను లోపలి రబ్బరు హబ్బు, అంటే లోపలి గొట్టాన్నీ బయటి దిమ్మెనూ కలిపి పట్టే రబ్బరు. చప్పుడేమీ లేకుండా ఇంజన్ వేగం పెరిగి బోటు మాత్రం కదలకపోతే, మెల్లగా వెళ్తే లాగుతుంటే అనుమానం దాని మీదే. లోపలి గొట్టం నుంచి బయటి దిమ్మె దాకా పెయింటుతో ఒకే గీత గీసి ఒక రౌండు తిప్పి రండి. గీత రెండుగా విడిపోతే హబ్బు జారింది. బాగా పాత చిన్న మోటార్లకు హబ్బు బదులు షియర్ పిన్ను ఉంటుంది. అది విరిగితే దాని చోట మేకు ముక్క కొట్టకండి. ఫ్యాను ఇసుకకు తగిలినప్పుడు తాను విరిగి గేర్లను కాపాడటమే ఆ పిన్ను పని.

రెండోది రివర్స్‌లో లెగ్గు పైకి లేవడం. ఒడ్డుకు చేరేటప్పుడు లెగ్గు లేవడానికి వదిలిన కొక్కెం తుప్పుపట్టి మళ్ళీ పట్టుకోదు. రివర్స్ వేయగానే ఫ్యాను నీళ్ళలోంచి బయటికొస్తుంది, గేరు జారిందనుకుంటారు.

అలవాటు గురించి ఒక మాట. మెల్లగా పెడితే గేరు మెత్తగా పడుతుందనుకోవడం తప్పు. మెల్లగా జరిపినంతసేపూ పళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. వేగం పూర్తిగా తగ్గించి, ఒక్క ఊపులో గట్టిగా వేయాలి. కిరసనాయిలుతో నడిపేటప్పుడు ఇంజన్ ఆగిపోతోందని ఐడిల్ (లోడు లేనప్పుడు ఇంజన్ తిరిగే కనీస వేగం) పెంచేవాళ్ళ మోటార్లలో డాగ్ త్వరగా పోతుంది. కార్బొరేటర్ శుభ్రం చేసి, ఐడిల్‌ను మాన్యువల్‌లో చెప్పిన అంకెకు తెచ్చాకే గేరు చప్పుడు గురించి తీర్పు చెప్పండి.

లెగ్గు విప్పే పనికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధం మంచి సమయం. తిరిగి ఎక్కించేటప్పుడు లివరునూ కింది పెట్టెనూ రెండింటినీ న్యూట్రల్‌లో పెట్టి, మీరు గీసిన గుర్తుకు జాయింటు కలపండి. నిలువు షాఫ్టు పై చివర ఉండే గాడి పళ్ళ పక్కలకు గ్రీజు పూయండి, పై కొసకు మాత్రం వద్దు. అక్కడ గ్రీజు చేరితే షాఫ్టు పూర్తిగా లోపల కూర్చోదు. ఎస్‌ఏఈ 90 గేర్ ఆయిలును కింది రంధ్రంలోంచి ఎక్కించి, పై రంధ్రంలో బుడగలు లేకుండా కారేదాకా నింపండి. ముందు పై స్క్రూ బిగించి, తర్వాత కింది స్క్రూ పెట్టాలి. రెండింటికీ కొత్త వాషర్లు వేయండి. పది గంటలు నడిచాక ఆ ఆయిలు ఒక్క చెంచాడు ఏదైనా గాజు గ్లాసులోకి తీసి ఎండలో పెట్టి చూడండి. పాల రంగు తిరిగి కనిపిస్తే సీలు ఇంకా కారుతూనే ఉంది.