దీపావళి సేల్‌కి ముందు క్లౌడ్ రన్ యాప్ విషయంలో జాగ్రత్తలు

దసరా నుంచి దీపావళి దాకా బెంగళూరులోని చిన్న కంపెనీల టెక్ టీములకి రెండు ఒత్తిళ్లు ఒకేసారి వచ్చి పడతాయి. ఆఫర్లు పెట్టగానే సైటుకి జనం పెరుగుతారు. సరిగ్గా అప్పుడే టీములో సగం మంది అనంతపురం, కడప, నెల్లూరు బస్సులెక్కేస్తారు. యాప్‌ని కంటైనర్ చేసి (కావాల్సినవన్నీ కలిపి ఒకే ప్యాకెట్‌గా కట్టి), దాన్ని రద్దీని బట్టి నడిపే గూగుల్ క్లౌడ్ రన్ మీద పెట్టుకున్నవాళ్లకి ‘సర్వర్‌లెస్సే కదా, దానంతటదే స్కేల్ అవుతుందిలే’ అన్న ధీమా ఉంటుంది. స్కేల్ అవుతుంది, అందులో అనుమానం లేదు. దాని వెనకున్న డేటాబేస్ అలా పెరగదు, చిక్కంతా అక్కడే. పండగ ముందు తనిఖీకి మీ దగ్గర రెండు రోజులే ఉంటే ఒక రోజు డేటాబేస్ కనెక్షన్లకే కేటాయించండి.

కనెక్షన్ల లెక్క

మీరేమీ మార్చకపోతే, 1 సీపీయూ ఉన్న ఇన్‌స్టెన్స్ (నడుస్తున్న యాప్ కాపీ ఒకటి) ఒకేసారి 80 రిక్వెస్టుల దాకా తీసుకుంటుంది. అవి నిండుతున్నా, నిమిషం సగటున సీపీయూ వాడకం 60% దాటుతున్నా కొత్త ఇన్‌స్టెన్సులు లేస్తాయి. పైన హద్దు పెట్టకపోతే మామూలుగా 100 దాకా పోతాయి. ప్రతి ఇన్‌స్టెన్సూ తన సొంత కనెక్షన్ పూల్‌తో (డేటాబేస్‌కి తెరిచి మళ్లీ మళ్లీ వాడుకునే కనెక్షన్ల గుంపుతో) లేస్తుంది. నోడ్‌లో అందరూ వాడే పోస్ట్‌గ్రెస్ లైబ్రరీకి పూల్ డిఫాల్ట్ 10. జావాలో హికారీకీ 10. పైతాన్‌లో ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ పైకి 5 అంటుంది గానీ ఓవర్‌ఫ్లో కింద ఇంకో 10 ఉంటుంది, అంటే ఒక ప్రాసెస్‌కి 15. పైతాన్ యాప్‌ని నడిపే గునీకార్న్‌లో 4 వర్కర్లు (విడి ప్రాసెస్‌లు) పెట్టి ఉంటే ఒక్క ఇన్‌స్టెన్సే 60 కనెక్షన్లు అడగగలదు.

అటువైపు చూస్తే, గూగుల్ డేటాబేస్ సర్వీస్ అయిన క్లౌడ్ ఎస్‌క్యూఎల్ పోస్ట్‌గ్రెస్‌లో అన్నిటికంటే చిన్న ఎఫ్1-మైక్రో మెషీన్‌కి డిఫాల్ట్ హద్దు 25 కనెక్షన్లు, జీ1-స్మాల్‌కి 50. పెద్ద మెషీన్లలో ర్యామ్‌ని బట్టి పెరుగుతుంది. ఊహించకండి, డేటాబేస్‌లోకి వెళ్లి ‘షో మాక్స్ కనెక్షన్స్’ కొడితే అసలు అంకె చెబుతుంది.

ఆ అంకెలోంచి అడ్మిన్ పనులకీ, మైగ్రేషన్లకీ (డేటాబేస్ పట్టికల ఆకారం మార్చే పనులకీ), రిపోర్టులు తీసేవాళ్లకీ కొంత పక్కన పెట్టండి. మిగిలినదాన్ని ఒక ఇన్‌స్టెన్స్ వాడగల గరిష్ఠ కనెక్షన్లతో భాగించండి. వచ్చినదాన్ని మళ్లీ సగం చేయండి. ఉదాహరణకి హద్దు 200 అనుకుందాం. 20 పక్కన పెడితే 180. ఇన్‌స్టెన్స్‌కి ఒకే ప్రాసెస్ ఉంచి, ఓవర్‌ఫ్లో తీసేసి పూల్ 5కి కట్టేస్తే 36 ఇన్‌స్టెన్సులు. అందులో సగం 18. క్లౌడ్ రన్‌లో ఇన్‌స్టెన్సులకి పై హద్దు పెట్టే మాక్స్ ఇన్‌స్టెన్సెస్ దగ్గర పెట్టాల్సింది ఈ 18.

సగం ఎందుకంటే, కొత్త వెర్షన్ డిప్లాయ్ చేసిన ప్రతిసారీ కాసేపు పాత రివిజన్ (ముందు డిప్లాయ్ చేసిన వెర్షన్) ఇన్‌స్టెన్సులూ కొత్తదానివీ పక్కపక్కనే బతికి ఉంటాయి. పాతవి చేతిలో ఉన్న రిక్వెస్టులు ముగించుకునేలోపు కొత్తవి తమ పూల్స్ తెరిచేస్తాయి. మామూలు రోజుల్లో రెండు మూడు ఇన్‌స్టెన్సులే కాబట్టి ఎవరికీ తెలియదు. సేల్ నడుస్తుండగా చిన్న బగ్ ఫిక్స్ తోసినప్పుడు మాత్రం ‘టూ మెనీ క్లయింట్స్’ ఎర్రర్ బయటపడుతుంది, అందరూ ఆ ఫిక్స్‌నే తిట్టుకుంటారు.

ఇంకో చిక్కు ఉంది. 5 కనెక్షన్ల పూల్ మీద 80 రిక్వెస్టులు వచ్చి కూర్చుంటే 75 వరసలో నిలబడాలి. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ 30 సెకన్లు చూసి టైమవుట్ ఇస్తుంది. ప్రతి పేజీ డేటాబేస్‌ని తాకేదైతే కాంకరెన్సీని (ఒక ఇన్‌స్టెన్స్ ఒకేసారి తీసుకునే రిక్వెస్టుల హద్దుని) 20 నుంచి 30 మధ్యకి దించడం మేలు. అలా దించితే ఇన్‌స్టెన్సులు ఎక్కువ కావాల్సి వస్తుంది, 18 హద్దు త్వరగా తగులుతుంది. తగిలాక క్లౌడ్ రన్ రిక్వెస్టుని 10 సెకన్లు గానీ, కంటైనర్ లేచే సగటు సమయానికి మూడున్నర రెట్లు గానీ, ఏది ఎక్కువైతే అంతసేపు ఆపి చూసి, అప్పటికీ చోటు లేకపోతే 429 ఎర్రర్ (ఇప్పుడు చోటు లేదని) ఇస్తుంది. కొందరికి 429 వెళ్లినా నష్టం లేదు, డేటాబేస్ పడిపోతే అందరికీ 500 (సర్వర్ ఎర్రర్) వెళుతుంది. అమ్మకాలు చూసేవాళ్లు ఒప్పుకోకపోతే వాళ్ల ముందు పెట్టాల్సిన ప్రశ్న పెద్ద డేటాబేస్ మెషీన్‌కి డబ్బు ఇస్తారా అని. మాక్స్ ఇన్‌స్టెన్సెస్ పెంచడం అందుకు జవాబు కాదు. ప్రొడక్ట్ జాబితా లాంటి అందరికీ ఒకేలా కనిపించే పేజీలని కాష్‌లో (ప్రతిసారీ డేటాబేస్‌ని అడగకుండా ఇవ్వగల కాపీగా) పెట్టడం ఈ రెంటికన్నా చవక.

పేమెంట్ గేట్‌వే వెబ్‌హుక్‌లని (డబ్బు అందిందని మన యాప్‌కి పంపే కబుర్లని) మాత్రం ఈ గుంపులో నిలబెట్టకండి. అదే ఇమేజ్‌ని (కంటైనర్ ప్యాకెట్‌ని) రెండో సర్వీస్‌గా డిప్లాయ్ చేసి, దానికి విడిగా 2 లేదా 3 ఇన్‌స్టెన్సుల హద్దు ఇచ్చి, గేట్‌వే డ్యాష్‌బోర్డులో ఆ యూఆర్‌ఎల్ పెట్టండి. ఆ కనెక్షన్లనీ పై లెక్కలో కలుపుకోండి. కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ లాంటి పూలర్ మంచి దారే, కానీ ట్రాన్సాక్షన్ మోడ్‌లో (ఒక్కో ట్రాన్సాక్షన్ సేపే కనెక్షన్ ఇచ్చే పద్ధతిలో) కొన్ని సెషన్ ఫీచర్లు పనిచేయవు కాబట్టి పండగ వారంలో మొదటిసారి పెట్టే వస్తువు కాదది.

ఈ అంకెలన్నీ లోడ్ టెస్టుతో (కావాలని రద్దీ పుట్టించే పరీక్షతో) సరిచూసుకోవాలి. ఆఫీసు వైఫై మీంచి చేసే లోడ్ టెస్టు ఆఫీసు వైఫైకే పరీక్ష. ముంబై రీజియన్‌లోనే ఒక వీఎం (వర్చువల్ మెషీన్) తీసుకుని, డేటాబేస్ కాపీ మీద, ట్రాఫిక్ ఇవ్వకుండా ట్యాగ్ (విడి యూఆర్‌ఎల్ ఇచ్చే పేరు) మాత్రమే పెట్టిన రివిజన్‌ని కొట్టండి. పనిలో పనిగా సర్వీస్, డేటాబేస్ రెండూ ఒకే రీజియన్‌లో ఉన్నాయో లేదో చూడండి. ట్యుటోరియల్‌లోంచి కాపీ కొట్టిన కమాండ్‌తో యాప్ అమెరికాలో, డేటాబేస్ ముంబైలో తేలడం అరుదేమీ కాదు. అలా ఉంటే ప్రతి క్వెరీ సముద్రం దాటి వస్తుంది.

రద్దీలోనే బయటపడేవి

క్లౌడ్ రన్‌లో కంటైనర్ ఫైల్ సిస్టమ్ డిస్క్ మీద ఉండదు, మెమరీలో ఉంటుంది. టెంప్ ఫోల్డర్‌లోకి రాసే ప్రతి ఫైలూ మీరిచ్చిన 512 ఎంబీలోంచే పోతుంది. జీఎస్టీ ఇన్‌వాయిస్ పీడీఎఫ్ తయారు చేసి, మెయిల్‌కి జతచేసి, చెరపడం మరిచిపోయిన కోడ్ చాలా యాప్‌లలో కనిపిస్తుంది. ఒక్కో పీడీఎఫ్ 300 కేబీ అనుకుంటే వెయ్యి ఆర్డర్లకి 300 ఎంబీ. మామూలు రోజుల్లో పని లేని ఇన్‌స్టెన్స్‌ని 15 నిమిషాల్లోపే తీసేస్తారు కాబట్టి చెత్తంతా దాంతోపాటే పోతుంది. సేల్ రాత్రి అదే ఇన్‌స్టెన్స్ గంటల తరబడి బతికి, మెమరీ హద్దు దాటి చచ్చిపోతుంది, చేతిలో ఉన్న ఆర్డర్లతో సహా. పీడీఎఫ్‌ని క్లౌడ్ స్టోరేజ్ బకెట్‌లో పెట్టి, లోకల్ కాపీని పని పూర్తయినా ఎర్రర్ వచ్చినా చెరిపేలా రాయండి. లాగ్‌లని ఫైల్లోకి కాకుండా స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి పంపండి.

రిక్వెస్టుకి జవాబిచ్చేసి, వెనకాల థ్రెడ్‌లో ఎస్సెమ్మెస్ పంపే పద్ధతి కూడా ఇక్కడ చెల్లదు. డిఫాల్ట్ బిల్లింగ్‌లో రిక్వెస్ట్ నడుస్తున్నంతసేపే సీపీయూ పూర్తిగా ఇస్తారు, తర్వాత బిగించేస్తారు. ఇక్కడ తమాషా ఏంటంటే, రద్దీ ఉన్నప్పుడు ఇది బాగానే పనిచేసినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే తర్వాతి రిక్వెస్ట్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. తెల్లవారుజామున రద్దీ తగ్గాక చివరి ఆర్డర్ల మెసేజ్‌లు ఇరుక్కుపోతాయి. అలాంటి పనుల్ని వరసలో పెట్టి విడి రిక్వెస్టులుగా పంపే క్లౌడ్ టాస్క్స్‌కి అప్పజెప్పండి. కోడ్ మార్చే టైం లేదంటే ఆ సర్వీస్‌ని ఇన్‌స్టెన్స్ ఆధారిత బిల్లింగ్‌కి (ఇన్‌స్టెన్స్ బతికున్నంతసేపూ సీపీయూ ఇచ్చే పద్ధతికి) మార్చండి, ఖర్చు పెరిగినా పని ఆగదు.

ఇన్‌స్టెన్స్‌ని తీసేసే ముందు క్లౌడ్ రన్ సిగ్‌టెర్మ్ (ఇక ఆగమనే సిగ్నల్) పంపి 10 సెకన్లు గడువిస్తుంది. డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్ ఎలా కట్టాలో రాసే ఫైల్లో) చివరి కమాండ్‌ని మామూలు లైనుగా రాస్తే ముందు షెల్ లేస్తుంది, ఆ సిగ్నల్ అక్కడే ఆగిపోయి మీ యాప్‌కి చేరకపోవచ్చు. చదరపు బ్రాకెట్లలో జాబితాగా రాయండి, లేదా ముందు ‘ఎగ్జెక్’ పెట్టండి. సిగ్నల్ అందగానే పూల్ మూసేసేలా యాప్‌లో రాసుకుంటే పై కనెక్షన్ల లెక్కకీ ఊపిరాడుతుంది.

అర్ధరాత్రి 12కి సేల్ అంటే

కంటైనర్ లోపల గడియారం యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రామాణిక సమయంలో) ఉంటుంది. మన అర్ధరాత్రి 12 అంటే అక్కడ ముందు రోజు సాయంత్రం 6:30. కూపన్ తేదీని సర్వర్ టైంతో పోల్చే కోడ్ ఉంటే ఆఫర్ తెల్లవారి 5:30కి గానీ మొదలవ్వదు. టైమ్ జోన్ వేరియబుల్‌ని ఏషియా/కోల్‌కతా అని పెట్టేస్తే సరిపోతుందనుకుంటారు. ఆల్పైన్ అనే చిన్న లినక్స్ ఇమేజ్‌లో టైమ్ జోన్ డేటా ప్యాకేజీయే ఉండదు, అది వేయకపోతే చాలా ప్రోగ్రాములు చడీచప్పుడు లేకుండా యూటీసీలోనే ఉండిపోతాయి. చెప్పిన టైంకి పనులు నడిపే క్లౌడ్ షెడ్యూలర్‌లో ఒక్కో జాబ్‌కి జోన్ విడిగా ఇవ్వాలి, అదీ చూడండి.

సేల్ మొదలవడానికి అరగంట ముందు మినిమమ్ ఇన్‌స్టెన్సెస్‌ని (ఎప్పుడూ సిద్ధంగా ఉంచే ఇన్‌స్టెన్సులని) 5కో 6కో పెంచితే మొదటి తాకిడికి కోల్డ్ స్టార్ట్‌లు (కొత్త ఇన్‌స్టెన్స్ లేచేదాకా రిక్వెస్ట్ ఆగడం) తగ్గుతాయి. లేచేటప్పుడు అదనపు సీపీయూ ఇచ్చే స్టార్టప్ సీపీయూ బూస్ట్ కూడా ఆన్ చేయండి. ఊరికే నిలబడ్డ ఇన్‌స్టెన్సులకీ బిల్లు పడుతుంది కాబట్టి దించే టైమూ అప్పుడే క్యాలెండర్లో రాసుకోండి.

ఇమేజ్ సంగతి క్లుప్తంగా: ఎమ్ సిరీస్ మ్యాక్‌బుక్‌లో బిల్డ్ చేస్తే ఆర్మ్ ఇమేజ్ వస్తుంది, క్లౌడ్ రన్‌కి కావాల్సింది లినక్స్ ఏఎమ్‌డీ64. తప్పితే ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’. యాప్ 127.0.0.1 (తన లోపలి నుంచి వచ్చేవే వినే అడ్రస్) మీద కాకుండా 0.0.0.0 (బయటి నుంచి వచ్చేవీ వినే అడ్రస్) మీద, ‘పోర్ట్’ వేరియబుల్ చెప్పిన నంబర్ మీద వినాలి, అది డిఫాల్ట్‌గా 8080.

వెనక్కి తిప్పే దారి

రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం) క్లౌడ్ రన్‌లో చాలా సులువు, ట్రాఫిక్ 100% పాత రివిజన్‌కి ఇచ్చేస్తే సెకన్లలో అయిపోతుంది. ఉచ్చు ఆ తర్వాత ఉంది. అలా పేరు పెట్టి ఒక రివిజన్‌కి కట్టేశాక, కొత్తగా ఏది డిప్లాయ్ చేసినా దానికి ట్రాఫిక్ రాదు. డిప్లాయ్ విజయవంతం అని పచ్చగా చూపిస్తుంది, కస్టమర్లకి మాత్రం పాతదే కనిపిస్తుంది. రాత్రి ఒంటిగంటకి ఫిక్స్ పనిచేయట్లేదని కోడ్ తవ్వడం మొదలుపెట్టేది ఇలాంటప్పుడే. ట్రాఫిక్‌ని మళ్లీ లేటెస్ట్ రివిజన్‌కి మార్చాలి. ఈ ఒక్క కమాండ్‌ని టీమ్ గ్రూపులో పిన్ చేసి పెట్టండి.

పాత రివిజన్‌కి వెళ్లినా డేటాబేస్ స్కీమా (పట్టికల ఆకారం) వెనక్కి వెళ్లదు. కాబట్టి పండగ రెండు వారాల్లో కాలమ్ తీసేసే, పేరు మార్చే మైగ్రేషన్లు వద్దు, కొత్త కాలమ్ చేర్చడంతో సరిపెట్టుకోండి. సీక్రెట్‌ని (పాస్‌వర్డ్, కీ లాంటిదాన్ని) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా, ‘లేటెస్ట్’ వెర్షన్‌తో ఇస్తే ఇన్‌స్టెన్స్ లేచే క్షణంలో ఉన్న విలువే దానికి ఉంటుంది. మధ్యలో కీ మారిస్తే సగం ఇన్‌స్టెన్సులు పాత కీతో, సగం కొత్తదానితో నడుస్తాయి. వెర్షన్ నంబర్ ఇచ్చి కట్టేయండి.

బెంగళూరులో ఎవరుంటారు?

డిప్లాయ్ చేయడానికి క్లౌడ్ రన్ అనుమతి ఒక్కటే చాలదు, యాప్ నడిచే అకౌంట్‌ని వాడుకోనిచ్చే సర్వీస్ అకౌంట్ యూజర్ రోల్ కూడా కావాలి. ఊరెళ్లని ఇద్దరికి ఈ రెండూ ఇచ్చి, వాళ్ల చేత ఒకసారి రోల్‌బ్యాక్, ఒకసారి డిప్లాయ్ నిజంగా చేయించండి. పలమనేరు దారిలో బస్సులో కూర్చుని ఫోన్ హాట్‌స్పాట్ మీద ట్రాఫిక్ మార్చొచ్చేమో గానీ, బిల్డ్ చేసి తోసే పని పెట్టుకోవద్దు. ఆ ఇద్దరిలో ఒకరైనా సాయంత్రం ఆరుకే ఇంటికి చేరిపోవాలి. అక్టోబర్ వాన పట్టుకుంటే సిల్క్ బోర్డు నుంచి మారతహళ్లి దాకా ఎంతసేపవుతుందో గూగుల్ మ్యాప్స్‌కే నమ్మకం ఉండదు.

ఇక డబ్బు. బడ్జెట్ అలర్ట్ మెయిల్ మాత్రమే పంపుతుంది, సర్వీస్‌ని ఆపదు. కంప్యూట్ ఖర్చుకి ముందుగా హద్దు పెట్టేది మాక్స్ ఇన్‌స్టెన్సెస్. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం, మామూలుగా కార్డు ఆటోపేలో ₹15,000 దాటిన ప్రతి చెల్లింపుకీ విడిగా ఓటీపీ లాంటి ధ్రువీకరణ కావాలి. మామూలు నెలల్లో పది వేల లోపు వచ్చే బిల్లు పండగ నెలలో ఆ గీత దాటితే, ఓటీపీ ఫౌండర్ ఫోన్‌కి వెళ్లి, ఆయన లక్ష్మీపూజలో ఉండి చూసుకోకపోతే చెల్లింపు ఆగిపోతుంది. బకాయి అలాగే సాగితే బిల్లింగ్ అకౌంట్‌ని సస్పెండ్ చేసే దాకా పోవచ్చు. కార్డు ఎవరిదో, ఓటీపీ ఏ నంబర్‌కి వస్తుందో సేల్‌కి ముందే కనుక్కోండి, వీలైతే ముందుగానే కొంత మొత్తం కట్టేయండి.

సేల్ అయిపోయిన మర్నాడు చేయాల్సినవి మూడే: మినిమమ్ ఇన్‌స్టెన్సెస్ దించడం, లోడ్ టెస్టు వీఎం తీసేయడం, ట్రాఫిక్ లేటెస్ట్ మీద ఉందో లేక ఇంకా ఏదో పాత రివిజన్‌కే కట్టేసి ఉందో చూడటం.