బ్రహ్మకమలం కుండీలో వచ్చే సమస్యలు: లక్షణం, కారణం, పరిష్కారం

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో డాబాల మీద, వరండాల్లో మనం బ్రహ్మకమలం అని పెంచుకుంటున్న మొక్క దక్షిణ మెక్సికో, గ్వాటెమాల ప్రాంతాల అడవులకు చెందిన ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్ అనే కాక్టస్. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పమైన హిమాలయ బ్రహ్మకమలానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది చెట్ల కొమ్మల పంగల్లో చేరిన ఆకుల కుళ్లులో వేళ్లు పాతుకుని, పై కొమ్మల నీడలో బతికే మొక్క. మనం ఆకులనుకునే బల్లపరుపు భాగాలు దీని కాండాలే. దీనిని ఎడారి మొక్కలా ఎండలో పెట్టినా, మందారంలా రోజూ నీళ్లు పోసినా తిప్పలు తప్పవు.

కాండాలు వడలి, ముడతలు పడి వేలాడుతున్నాయి

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసే లక్షణం ఇదే, ఎందుకంటే నీరు చాలకపోయినా, నీరు ఎక్కువై వేళ్లు కుళ్లినా మొక్క ఒకేలా కనిపిస్తుంది. ఒక శ్రావణంలో వారాల తరబడి ముసురు పట్టినప్పుడు మా పిట్టగోడ పక్కనున్న మొక్క వాలిపోతే, దాహమేమోనని నేను ఇంకా నీళ్లు పోశాను. నాలుగు రోజుల తరువాత కుండీ బోర్లించి చూస్తే వేళ్లు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. రెండు వేళ్లతో పట్టి లాగితే పై తోలు జారిపోయి, లోపల దారం వంటి నార మాత్రమే మిగిలింది. అందుచేత చెంబు ఎత్తే ముందు వేలిని రెండు కణుపుల లోతుకు మట్టిలోకి దించి చూడాలి.

మట్టి పొడిగా ఉండి, కుండీ తేలికగా ఉంటే కారణం దాహమే. కుండీని అరగంట బకెట్ నీటిలో ఉంచి తీస్తే కొద్ది రోజుల్లో కాండాలు బిగుసుకుంటాయి. మట్టి తడిగా ఉండి, కాండం మొదలు మెత్తబడితే అది వేరుకుళ్లు. ఆ మొక్కను అదే మట్టిలో ఉంచి కాపాడడం కష్టం. కుళ్లిన భాగం పూర్తిగా పోయేదాకా కోసి, ఆరోగ్యంగా ఉన్న కాండాలను జానెడు ముక్కలు చేసి, కోసిన చోటు గట్టిపడేవరకు నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టి, రెండంగుళాల లోతున నాటాలి. మట్టి, ముతక ఇసుక, కొబ్బరి పీచు ముక్కలు సమపాళ్లలో తీసుకుని, గుప్పెడు ఇటుక ముక్కలు, బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) కలిపితే నీరు నిలవదు. నాగావళి ఇసుక, ఉద్దానం కొబ్బరి పీచు మనకు దగ్గరలోనే దొరుకుతాయి. పీచులో ఉప్పు ఉంటుంది కనుక రెండు మూడుసార్లు నానబెట్టి పిండాలి. కుండీ కింద పళ్లెం ఉంచితే, అందులో చేరిన నీటిని పారబోయాలి.

కాండాల మీద పసుపు, గోధుమ మచ్చలు

వేసవిలో పశ్చిమపు ఎండ నేరుగా తగిలిందన్నమాట. ఉదయం తొమ్మిదింటి వరకు ఎండ పడే తూర్పు వరండాకు మార్చాలి. పడిన మచ్చ మానదు, కొత్త కాండాలు మాత్రం పచ్చగా వస్తాయి.

ఏళ్లు గడిచినా పూయడం లేదు

ముక్క నాటిన మొక్క పూతకు రావడానికి సాధారణంగా రెండు మూడేళ్లు పడుతుంది. ఆ తరువాత కూడా పూయకపోతే చీకటి గది, మరీ పెద్ద కుండీ, యూరియా వంటి నత్రజని ఎరువు ఎక్కువ కావడం కారణాలు. సన్నగా, గుండ్రంగా, కర్రలా సాగే పొడవాటి కొమ్మలు ఈ మొక్కకు సహజమైనవే. వాటిని రోగమనుకుని నరకవద్దు. మొగ్గలు ముదిరిన బల్లపరుపు కాండాల అంచు నొక్కుల్లోంచి వస్తాయి గనుక పాత కాండాలను కత్తిరిస్తే పూలను చేజేతులా పోగొట్టుకున్నట్టే.

మొగ్గ వేలాడుతుండగా కుండీని చోటు మార్చినా, మట్టి పూర్తిగా ఎండినా మొగ్గ రాలవచ్చు. 2018 అక్టోబరు నాటి తిత్లీ వంటి తుఫాను వచ్చినప్పుడు మాత్రం మొగ్గ సంగతి మరచి, కుండీని లోపలికి చేర్చవలసిందే. మొక్క దక్కితే పువ్వు మళ్లీ వస్తుంది.

కాండం మొదళ్లలో దూది వంటి తెల్లని పొర

ఇది పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం వేళ వారానికొకసారి మూడు వారాలు పిచికారీ చేయాలి. చీమలు పిండినల్లిని కాపాడతాయి కాబట్టి వాటి దారిని కూడా మూయాలి.

కుండీ అంచున తెల్లని పొక్కు, కాండాల కొసలు ఎండడం

కళింగపట్నం, బారువ వంటి తీర ప్రాంతాల్లో బోరు నీరు ఉప్పగా ఉంటే ఈ లక్షణం కనిపిస్తుంది. డాబా మీద పడే వాన నీటిని డ్రమ్ములో పట్టి ఉంచుకుని అదే పోయాలి. నెలకొకసారి కింది రంధ్రం గుండా ధారగా కారేవరకు పోస్తే, పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది.