ఇంటి వైఫై మనమే సరిచేసుకుందాం, 4వ పాఠం: ఖాళీగా కనిపించే ఛానల్

ఈ వారం మొత్తం ఛానల్ (రూటర్ మాట్లాడే రేడియో దారి) మార్చడం గురించే రాద్దామనుకున్నాను. కానీ 3వ పాఠంలో ఇచ్చిన పింగ్ (ఒక చిన్న సందేశం పంపి, అది తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూడటం) పని చేసి మీరు పంపిన అంకెలు చూశాక, దాన్ని సరిచేయకుండా ముందుకు పోతే లాభం లేదని అర్థమైంది. నేను కూడా పోయినసారి ఆ భాగం నాలుగు వాక్యాల్లో ముగించేశాను, అది సరిపోలేదు.

అప్పుడు చెప్పింది ఇంతే. నెట్ ఆగి ఆగి వస్తుంటే దారి రెండు ముక్కలుగా ఉందని గుర్తుపెట్టుకోవాలి. మీ ల్యాప్‌టాప్ నుంచి రూటర్ దాకా గాలిలో ఒక ముక్క, రూటర్ నుంచి బయటికి తీగలో ఇంకో ముక్క. రెండింటికీ విడివిడిగా పింగ్ పెడితే చెడింది ఏదో తెలుస్తుంది. రూటర్‌కే పింగ్ సరిగా పోకపోతే గాలి సమస్య. రూటర్‌కి బాగుండి బయటి 8.8.8.8 (గూగుల్ సర్వర్ అడ్రస్) కి పోకపోతే నెట్ వాళ్ల సమస్య. రెండూ బాగాలేకపోతే ముందు గాలి సంగతి చూడాలి, ఎందుకంటే బయటి పింగ్ కూడా ఆ గాలి మీదుగానే పోతుంది.

బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉండే ఒక తమ్ముడు, రూటర్‌కి 2, 3 మిల్లీసెకన్లే వస్తోంది కాబట్టి తప్పంతా నెట్ కంపెనీదే అని రాశాడు. ఎక్కడ కూర్చుని చూశావని అడిగాను. రూటర్ కింద రిసెప్షన్‌లో ఉంటుంది, అక్కడ సోఫాలో కూర్చుని చూశానన్నాడు. ఆఫీసు కాల్ తెగిపోయేది మాత్రం మూడో అంతస్తులో, అతని మంచం మీద. జ్వరం ఒకరికొస్తే థర్మామీటర్ ఇంకొకరి నోట్లో పెట్టినట్టయింది. కాల్ ఎక్కడ తెగుతుందో అక్కడే, ఎప్పుడు తెగుతుందో అప్పుడే చూడాలి.

హొరమావులో ఒక అక్కకి దీనికి తిరగబడి వచ్చింది. రూటర్‌కి ఒక్క పింగూ పోలేదు, బయటికి మాత్రం చక్కగా పోయింది. ఆవిడ విషయంలో కారణం ఇది: ఆవిడ ఫోన్‌లో చూశారు, మొబైల్ డేటా ఆన్‌లో ఉంది. వైఫై బలహీనపడగానే ఫోన్ ఎవరికీ చెప్పకుండా సిమ్ మీదకి వెళ్లిపోయింది, బయటి పింగ్ టవర్ గుండా పోయింది. ఫోన్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. బ్యాటరీ మిగల్చడానికి అది మధ్యమధ్యలో వైఫై రేడియోని కాసేపు పడుకోబెడుతుంది, దాంతో ఏ తప్పూ లేని ఇంట్లో కూడా పింగ్ అక్కడక్కడ 100 దాటుతుంది. అందుకే ఈ పనికి నేను ఫోన్ వాడను. ల్యాప్‌టాప్, అదీ ఛార్జర్ పెట్టి.

రెండు డబ్బాలున్న ఇళ్లవాళ్లు కూడా తడబడ్డారు. ఫైబర్ వచ్చి చేరే డబ్బా ఒకటి, మీరు కొనుక్కున్న రూటర్ ఒకటి, రెండూ 192.168.1.1 అనే చెప్పుకుంటాయి, మీరు దేనికి పింగ్ పెడుతున్నారో మీకే తెలియదు. డబ్బా మీద రాసిన అడ్రస్‌ని వదిలేసి, ల్యాప్‌టాప్‌లో వైఫై వివరాలు తెరిచి గేట్‌వే అన్న చోట ఏముందో అది వాడండి. రెండు డబ్బాలదీ ఒకటే అడ్రస్ అయితే మీ రూటర్‌ది 192.168.5.1 లాంటిదానికి మార్చేయండి, ఆ గొడవ కూడా తీరిపోతుంది.

ఇక అందరూ చేసిన పొరపాటు, సగటు చూడటం. కగ్గదాసపురలో మా ఇంట్లో పోయిన ఏడాది పడకగదిలో 300 పింగ్‌లు పెడితే సగటు 14 మిల్లీసెకన్లు వచ్చింది. బంగారంలాంటి అంకె. కానీ ఆ 300లో 11 అసలు తిరిగి రాలేదు, ఒకటి 1,400 మిల్లీసెకన్లు పట్టింది. నేను అమ్మతో వీడియోలో మాట్లాడుతుంటే ఆవిడ ముఖం గడ్డకట్టిపోయేది ఆ 11 దగ్గరే. వరసగా రెండు మూడు పింగ్‌లు తిరిగి రాకపోతే చాలు, కాల్‌లో మాట మింగేస్తుంది. కాబట్టి సగటు వదిలేయండి. ఎన్ని తిరిగి రాలేదు, అన్నిటికంటే ఎక్కువ పట్టింది ఎంత, ఈ రెండే రాసుకోండి. ఆ అంకెలు నాకు తెలియక ముందు ఏడాదిపాటు నెట్ వాళ్లకి ఫోన్ చేస్తూనే ఉన్నాను, వాళ్లు డబ్బా మార్చారు, తీగ మార్చారు, మూడుసార్లు మనిషిని పంపారు. చివరికి తేలింది గాలిలో గొడవ అని.

ఇప్పుడు ఛానల్. రూటర్ సెట్టింగ్స్‌లోకి ఎలా వెళ్లాలో నేను రాయను, డబ్బా అడుగున కాగితం అంటించి ఉంటుంది.

బెంగళూరులో మనలో చాలామంది ఉండేది థర్టీ ఫార్టీ (30 అడుగులకి 40 అడుగుల) సైటులో కట్టిన నాలుగంతస్తుల ఇళ్లలో. ఒక బిల్డింగు బాల్కనీలోంచి చెయ్యి చాపితే పక్క బిల్డింగు గోడ తగులుతుంది. రాత్రి తొమ్మిదికి మా పడకగదిలో వైఫై ఎనలైజర్ ఆప్ తెరిస్తే 31 పేర్లు కనిపించాయి. అవన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే చిన్న సందులో ఇరుక్కుని ఉన్నాయి. మన దేశంలో అక్కడ 1 నుంచి 13 దాకా ఛానళ్లు వాడుకోవచ్చు. పదమూడు అనగానే పదమూడు గదులనుకుంటాం. అవి గదులు కావు. ఒక ఛానల్ నుంచి తర్వాతిదానికి దూరం 5 మెగాహెర్ట్జ్, కానీ ఒక్కో రూటర్ మాట్లాడటానికి ఆక్రమించే వెడల్పు సుమారు 20. అందుకే 1, 6, 11 వాడతారు. ఇవి మూడూ ఒకదాన్నొకటి తాకవు.

ఇక్కడే నాకు బాధ కలిగించే తప్పు జరుగుతుంది. ఆప్ తెరుస్తారు, 1 మీద ఎనిమిది కొండలు (ఒక్కో కొండ ఒక్కో వైఫై), 6 మీద పది, 11 మీద తొమ్మిది, 3 మీద ఏమీ లేదు. ఖాళీగా ఉంది కదా అని 3 పెట్టేస్తారు. నెట్ బాగుచేసే కుర్రాళ్లు కూడా ఇలాగే పెట్టి వెళ్తున్నారు. దయచేసి పెట్టకండి. ఎందుకో కాస్త ఓపికగా చదవండి.

ముందు అంకెలు. ఛానల్ 3 ఆక్రమించేది 2412 నుంచి 2432 మెగాహెర్ట్జ్ దాకా. ఛానల్ 1 ఆక్రమించేది 2402 నుంచి 2422. అంటే మీలో సగం 1 వాళ్ల మీద కూర్చుంది. ఛానల్ 6 మొదలయ్యేది 2427 దగ్గర, కాబట్టి మీలో ఇంకో పావు వంతు 6 వాళ్ల మీద కూర్చుంది. మీరు ఖాళీ చోటుకి వెళ్లలేదు, రెండు గుంపుల మధ్యలో ఇరుక్కున్నారు.

సరే, 1లో చేరినా ఎనిమిది మందితో గొడవే కదా అంటారు. తేడా ఉంది. వైఫై రేడియో మాట్లాడేముందు చెవి పెట్టి వింటుంది. తన ఛానల్‌లోనే ఎవరైనా మాట్లాడుతుంటే ఆ మాట దానికి అర్థమవుతుంది, ఎంతసేపు మాట్లాడతారో కూడా తెలుస్తుంది, అయ్యేదాకా ఆగుతుంది. అపార్ట్‌మెంట్‌కి నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు బిందెలు వరసలో పెట్టినట్టు. ఆలస్యమవుతుంది, కానీ అందరి బిందె నిండుతుంది. మీరు 3లో ఉంటే 1 వాళ్ల మాట మీకు, మీ మాట వాళ్లకి అర్థం కాదు, రొదలా వినిపిస్తుంది. వినాయక చవితికి పక్క వీధి పందిరిలో మైకు పెడితే మనింట్లో ఒకరి మాట ఒకరికి వినపడనట్టు. ఆ మైకుని కాసేపు ఆగమని అడగలేం, వాళ్లకి మనం మాట్లాడుతున్నామనే తెలియదు.

ఇది నేను పోలిక కోసం చెప్పడం లేదు, నియమమే అలా ఉంది. తనకి అర్థమయ్యే వైఫై మాట అయితే మైనస్ 82 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ గట్టిది) అంత మెల్లగా వినిపించినా రేడియో ఆగి దారి ఇవ్వాలి. అర్థం కాని రొద అయితే మైనస్ 62 అంత గట్టిగా ఉంటేనే ఆగుతుంది. ఈ 20 తేడా అంటే బలంలో వంద రెట్లు. గోడ అవతలి నుంచి వచ్చే పక్కింటి వైఫై చాలావరకు ఈ రెండింటి మధ్యలోనే పడుతుంది. అంటే మీరు 3 పెట్టిన రోజు నుంచి మీ రూటర్ పక్కింటివాళ్ల మాట మీద మాట వేసేస్తుంది, వాళ్లది మీ మాట మీద. ఇద్దరి ప్యాకెట్లూ చెడతాయి, ఇద్దరూ మళ్లీ పంపుతారు, మళ్లీ చెడతాయి. 4 పెట్టినా ఇంతే. 8, 9 పెట్టినా ఇంతే, అప్పుడు 6 వాళ్లూ 11 వాళ్లూ నష్టపోతారు. మా ఎదురింట్లో 8 పెట్టారు, నేను వెళ్లి మాట్లాడి 11కి మార్పించాను. ఇద్దరిదీ బాగుపడింది.

1, 5, 9, 13 పెడితే నాలుగు పడతాయి కదా అని ఒకరు అడిగారు. లెక్క ప్రకారం పడతాయి. బిల్డింగులో అందరూ ఒప్పుకుంటేనే. చుట్టూ అందరూ 6, 11లో ఉండగా మీరొక్కరే 9 పెడితే పైన చెప్పిందే జరుగుతుంది. పైగా అమెరికా నుంచి తెచ్చుకున్న కొన్ని ల్యాప్‌టాప్‌లకి 12, 13 కనిపించవు. మన ఇళ్లలో అలాంటి ల్యాప్‌టాప్ ఒకటైనా ఉంటుంది.

1, 6, 11లో ఏది అని ఎంచుకునేటప్పుడు తలలు లెక్కపెట్టకండి, గొంతులు వినండి. మైనస్ 88లో ఉన్న ఆరుగురి వల్ల మీకు పెద్దగా నష్టం లేదు. మైనస్ 50లో ఉన్న ఇద్దరు చాలు. గట్టి గొంతులు ఎక్కడ తక్కువో అక్కడ చేరండి. ఆప్‌లో అంకెలు వెంటనే మారవు, ఒక్కోచోట అరనిమిషమైనా నిలబడండి. ఐఫోన్‌లో ఇది తేలిగ్గా కుదరదు, ఇంట్లో ఎవరిదైనా ఆండ్రాయిడ్ అడిగి తీసుకోండి.

ఆటో పెట్టి వదిలేయొచ్చా? 2.4లో వద్దు. చాలా రూటర్లు ఆన్ అయినప్పుడే ఒకసారి చూసి ఎంచుకుంటాయి. పగలు పదకొండుకి కరెంటు పోయి వచ్చిందనుకోండి, ఆ వేళకి వీధంతా ఆఫీసులో ఉంటుంది, దానికి అన్నీ ప్రశాంతంగానే కనిపిస్తాయి. ఛానల్ వెడల్పు 20 అనే పెట్టండి. 40 పెడితే వేగం పెరుగుతుందని రాసి ఉంటుంది, కానీ ఉన్న సందులో సగం మీరే ఆక్రమిస్తారు, మీకూ దక్కదు, పక్కవాళ్లకీ దక్కదు.

5 గిగాహెర్ట్జ్‌లో ఇంత బాధ లేదు. అక్కడ చోటు చాలా ఎక్కువ, గోడలు దాటడమే తక్కువ కాబట్టి పక్కింటి రొద కూడా తక్కువ. 36 నుంచి 48, లేదా 149 నుంచి 161 మధ్యలో పెట్టుకోండి. 52 నుంచి 144 దాకా ఉన్నవాటిలో రాడార్ జాడ వినిపిస్తే రూటర్ వెంటనే ఖాళీ చేసి వెళ్లాలి, అక్కడికి కొత్తగా చేరేముందు కనీసం ఒక నిమిషం చప్పుడు చేయకుండా వినాలి. ఆ నిమిషంలో మీ 5 పేరు మాయమవుతుంది, మీరు రూటర్ పాడైందనుకుంటారు.

నేనైతే 2.4కి, 5కి వేరే వేరే పేర్లు పెడతాను. రెండింటికీ ఒకే పేరు మంచిదని చాలామంది చెప్తారు, వాళ్ల ఇళ్లలో బాగానే ఉండొచ్చు. మా ఇంట్లో ల్యాప్‌టాప్ 5ని వదిలి మాటిమాటికీ 2.4కి పోయేది. ఇప్పుడు కాల్స్‌కి 5, స్మార్ట్ బల్బులకీ పాత ప్రింటర్‌కీ 2.4. మా బల్బులకి ఎలాగూ 2.4 తప్ప ఇంకోటి రాదు.

అభ్యాసం ఈసారి పెద్దది, కానీ ఇది చేయకుండా ఛానల్ ముట్టుకోకండి. ఇంట్లో మూడు చోట్లు ఎంచుకోండి, అందులో ఒకటి మీ కాల్ తెగే చోటే అయి ఉండాలి. మూడు రోజులు, పొద్దున ఏడుకీ రాత్రి తొమ్మిదిన్నరకీ, ఒక్కో చోట కూర్చుని రెండు నల్ల కిటికీలు (విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్, మ్యాక్‌లో టెర్మినల్) పక్కపక్కన తెరిచి, ఒకదాంట్లో గేట్‌వేకి, ఒకదాంట్లో 8.8.8.8 కి 300 పింగ్‌లు పెట్టండి. విండోస్‌లో పింగ్ అని కొట్టి, ఖాళీ, అడ్రస్, ఖాళీ, మైనస్ గుర్తు, వెంటనే చిన్న ఎన్ అక్షరం, ఖాళీ, 300. మ్యాక్‌లో ఎన్ బదులు చిన్న సీ, అదీ 300తో కలిపి అడ్రస్‌కి ముందే కొట్టాలి. ఐదు నిమిషాలు పడుతుంది. మొత్తం పద్దెనిమిది సార్లు. తిరిగి రానివి ఎన్ని, గరిష్ఠం ఎంత, కాగితం మీద రాయండి. ఆ సమయంలో ఇంట్లో ఎవరైనా సినిమా డౌన్‌లోడ్ చేస్తుంటే అది కూడా పక్కన రాయండి, ఆపమని చెప్పొద్దు.

నాలుగో రోజు ఛానల్ ఒక్కటే మార్చండి. రూటర్ జరపొద్దు, పేర్లు మార్చొద్దు, యాంటెన్నా తిప్పొద్దు. మళ్లీ మూడు రోజులు అదే పని. రాత్రి తొమ్మిదిన్నర వరసలో తిరిగి రాని పింగ్‌లు తగ్గితే మీ గొడవ ఛానల్‌దే. పొద్దునా రాత్రీ ఒకేలా తిరిగి రాకుండా పోతుంటే, అదీ ఒకే గదిలో అయితే, మీకూ రూటర్‌కీ మధ్య గోడ ఉంది, లేదా అద్దాల వార్డ్‌రోబ్ ఉంది. 5వ పాఠం దాని గురించే, అప్పటికి ఈ కాగితం దగ్గర పెట్టుకోండి.