పసుపు స్ప్రే కొడితే బొమ్మ రావట్లేదా? ముందు నీళ్ళు చూడండి

ట్రిక్కు అందరికీ తెలిసిందే. తెల్ల కాగితం మీద బట్టల సోడా నీళ్ళతో బొమ్మ గీసి ఆరబెడతాం. జనానికి ఖాళీ కాగితమని అటూ ఇటూ తిప్పి చూపించి, పసుపు నానబెట్టిన స్పిరిట్ చిమ్ముతాం. కాగితమంతా పసుపుపచ్చగా మారుతుంది, అందులోంచి కొండారెడ్డి బురుజు ఎర్రగా లేచొస్తుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళలో సున్నం చేసే పనినే ఇక్కడ సోడా చేస్తుంది, అంతే. గీయడం, చిమ్మడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా. ఇది పని చెడినప్పుడు చూసుకోవడానికి.

తప్పు ఎక్కడుందో తేలాలంటే అందరి కొలతా ఒకటిగా ఉండాలి కాబట్టి ముందు అవి. గీయడానికి: 100 మి.లీ. నీళ్ళలో అర టీ స్పూను బట్టల సోడా. చిమ్మడానికి: 100 మి.లీ. సర్జికల్ స్పిరిట్‌లో రెండు టీ స్పూన్ల పసుపు వేసి, మూత బిగించి అరగంట ఉంచి, నాలుగు మడతల పలచటి బట్టలో వడకట్టాలి. ప్రదర్శనకు ముందు దీన్ని రెండు వంతులు తీసుకుని ఒక వంతు నీళ్ళు కలపాలి. ఆ నీళ్ళెందుకు, ఉత్త స్పిరిటే కొడదామని కొందరు మానేస్తారు. సోడా స్పిరిట్‌లో కరగదు. నీటి తడి తగిలితేనే గీత ఎర్రబడుతుంది. మరీ నీళ్ళెక్కువైతే సోడా కరిగి గీత పాకుతుంది. అందుకే ఆ వంతు.

స్పిరిట్ అంటే మంట అంటుకునేది. పక్కన అగరుబత్తి, హారతి కర్పూరం, దీపం ఏదీ ఉండకూడదు. "స్వామీజీ" వేషం కట్టి చేసేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

ముందు ఈ పరీక్ష చెయ్యండి

"మొన్న బాగా వచ్చింది, ఇవాళ రాలేదు, ఎందుకు?" అని అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఖాళీ కాగితం మీద కొట్టి చూసుకుని ఉండరు. రెండు నిమిషాల పని. అదే కట్టలోంచి ఒక కాగితం తీసి మూడు పట్టీలుగా చించండి. మొదటిదాన్ని ముట్టుకోవద్దు. రెండోదాని మీద ఇయర్ బడ్‌తో ఉత్త నీళ్ళ గీత, మూడోదాని మీద సోడా నీళ్ళ గీత గీయండి. పూర్తిగా ఆరనిచ్చి, ప్రదర్శనలో వాడబోయే సీసాతోనే మూడింటి మీదా కొట్టండి. కొట్టగానే తీర్పు చెప్పొద్దు. కాగితం ఆరేదాకా ఆగండి. తడిగా ఉన్నప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయి, అసలు గుట్టు ఆరేటప్పుడే బయటపడుతుంది.

మూడోది మాత్రమే ఎర్రబడితే మీ సరుకంతా సరిగ్గా ఉన్నట్టు. మూడూ ఎర్రబడితే తప్పు స్ప్రేలోనో కాగితంలోనో ఉంది. రెండోది కూడా ఎర్రబడి మొదటిది పచ్చగా ఉంటే మీ నీళ్ళు దొరికిపోయినట్టే. ఏదీ ఎర్రబడకపోతే సోడాదో పసుపుదో తప్పు.

కాగితమంతా ఎర్రగా, ఇటుక రంగుగా మారిపోతోంది

కర్నూలు, అనంతపురం, కడప మూడు జిల్లాల్లోనూ దీని వెనక ఎక్కువగా ఉండేది బోరు నీళ్ళే. ఎంత చెప్పినా ఎవరూ నమ్మని కారణం కూడా ఇదే. ఎందుకంటే నీళ్ళు కంటికి శుభ్రంగా ఉంటాయి, తాగితే బాగానే ఉంటాయి, స్ప్రేలో కలిపినప్పుడు పసుపు పసుపుగానే ఉంటుంది.

జరిగేది ఇది. మన దగ్గర చాలా బోర్లలో సోడియం బైకార్బొనేట్ ఎక్కువ. ఫ్లోరైడ్ సమస్య ఉన్న అనంతపురం వైపు బోర్లలో ఇది మామూలే. ఆ నీళ్ళు కాగితం మీద ఆరేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోయి, కొంత బైకార్బొనేట్ కార్బొనేట్‌గా మారుతుంది. సోడియం కార్బొనేట్ అంటే బట్టల సోడానే. అంటే బొమ్మను దాచడానికి మీరు వాడిన సోడానే పలచగా కాగితమంతా మీరే చిమ్ముతున్నారు. బొమ్మ వచ్చే ఉంటుంది, కానీ చుట్టూ ఉన్న రంగూ అదే కాబట్టి ఏదీ కనిపించదు.

మోసం ఎక్కడంటే, దీన్ని పట్టుకోవడానికి జనం చేసే పరీక్ష తప్పు. "మా నీళ్ళలో సబ్బు బాగా నురగొస్తుంది, పప్పు ఉడుకుతుంది, మంచి నీళ్ళే" అంటారు. నురగ రాకపోవడం, పప్పు ఉడకకపోవడం కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న గట్టి నీళ్ళ లక్షణాలు. ఇక్కడి తంటా వేరు. సోడియం బైకార్బొనేట్ ఉండి కాల్షియం తక్కువున్న నీళ్ళలో సబ్బు చక్కగా నురగొస్తుంది, పప్పు త్వరగా ఉడుకుతుంది. అవే నీళ్ళు ట్రిక్కును చెడగొడతాయి. వంటింట్లో గుర్తు పట్టాలంటే అన్నం చూడండి: తెల్లగా రావాల్సింది కాస్త పచ్చబారి వస్తుంటే, టీ మామూలుకన్నా నల్లగా దిగుతుంటే ఆ నీళ్ళను స్ప్రేకు వాడొద్దు.

రెండో మోసం, కాచి చల్లార్చిన నీళ్ళు. శుభ్రమైనవి కదా అని పట్టుకొస్తారు. కాచితే కాల్షియం తెల్లగా అడుగున పేరుకుంటుంది, నిజమే. కానీ సోడియం బైకార్బొనేట్ మరుగుతున్నప్పుడే కార్బొనేట్‌గా మారడం మొదలుపెడుతుంది. పచ్చి నీళ్ళతో పోయిన పరువు కాచిన నీళ్ళతో ఇంకాస్త త్వరగా పోతుంది.

మూడోది, ఇంట్లో సాధన చేసి వేదిక దగ్గర చెడడం. ఇంట్లో క్యాను నీళ్ళతో కలిపారు, బాగా వచ్చింది. స్కూల్లో సీసాలో తగ్గిందని అక్కడి కొళాయి నీళ్ళు రెండు గుక్కలు పోశారు. కుళాయికి బోరు కనెక్షనో, నది నీళ్ళో ఎవరికి తెలుసు? "ఇంట్లో వచ్చింది, అక్కడ రాలేదు" అన్న మాట వింటే మొదట అడగాల్సింది సీసా ఎక్కడ నింపారని.

పరిష్కారం: స్ప్రేకు డిస్టిల్డ్ వాటరే వాడండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేది, బ్యాటరీ షాపుల్లో, పెట్రోలు బంకుల్లో దొరుకుతుంది. అడిగేటప్పుడు "బ్యాటరీ నీళ్ళు" అనకుండా "డిస్టిల్డ్ వాటర్" అనే అడగండి, లేబుల్ చదవండి. కొన్ని చోట్ల "బ్యాటరీ నీళ్ళు" అని అడిగితే యాసిడ్ చేతిలో పెడతారు. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు శుభ్రమైన సీసాలో పట్టినా పని జరుగుతుంది. ప్లాంటు క్యాను నీళ్ళు చాలావరకు పనికొస్తాయి, కానీ ప్లాంటుకూ ప్లాంటుకూ తేడా ఉంటుంది కాబట్టి పట్టీ పరీక్ష చేశాకే.

వేరే దారి లేక బోరు నీళ్ళే వాడాల్సొస్తే 100 మి.లీ.కి నిమ్మరసం ఐదు చుక్కలు వేసి, పసుపు స్పిరిట్‌తో కలిపి, ఒక పట్టీ ముంచి ఆరబెట్టి చూడండి. ఇంకా ఎర్రబడుతుంటే మరో ఐదు. ఆరిన పట్టీ పసుపుగానే నిలిచిన చోట ఆపెయ్యాలి. దండిగా ఉంటే మంచిదని నిమ్మకాయంతా పిండితే పులుపు సోడాను చంపేసి బొమ్మ వెలవెలబోతుంది.

నీళ్ళు కాదని తేలాకే మిగతావి. సీసా అంతకు ముందు దేనికి వాడారో చూడండి. అద్దాలు తుడిచే ద్రావణంలోనో సర్ఫ్ నీళ్ళలోనో ఉన్న క్షారం ముక్కు గొట్టంలో మిగిలితే చాలు. సీసాను డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు చిమ్మించి తొలవాలి. ఇంకొకటి, పల్లె బడుల్లో కాగితాన్ని కొత్తగా సున్నం కొట్టిన గోడకు అంటిస్తారు. తడి వెనక్కి దిగి సున్నం పైకొచ్చి ఎర్ర మచ్చలు పడతాయి. వెనక అట్ట పెట్టండి.

స్ప్రే కొట్టకముందే గీతలు తెల్లగా కనిపిస్తున్నాయి

ఇదీ నీళ్ళ తప్పే, కాకపోతే ఈసారి రెండో రకం నీళ్ళు. గట్టి నీళ్ళలో బట్టల సోడా వేస్తే అందులోని కాల్షియం సుద్దలా విడిపోయి నీళ్ళు పాలలా అవుతాయి. ఆ పాలతో గీస్తే ఆరాక సుద్ద గీత మిగులుతుంది, వెలుతురుకు అడ్డంగా పెడితే ముందు వరసలోని పిల్లవాడే చెప్పేస్తాడు. గీయడానికి డిస్టిల్డ్ వాటర్ లేకపోయినా ఫరవాలేదు. సోడా కలిపాక రాత్రంతా కదలకుండా ఉంచండి, పొద్దున్నే పైన తేరిన నీళ్ళు మాత్రం వంచుకోండి. సుద్ద అడుగునే ఉండిపోతుంది. ఈ ద్రావణంలో క్షారం ఎలాగూ కావాలి కాబట్టి నిమ్మరసం గొడవ దీనికి లేదు.

నీళ్ళు బాగున్నా గీత మెరుస్తుంటే సోడా ఎక్కువైంది. స్పూను నిండా వేసేవాళ్ళకు ఆరాక పొడి గింజలు కనిపిస్తాయి. కాగితం అలల్లా ముడుచుకుంటే బ్రష్ తడి ఎక్కువ. ఇయర్ బడ్ పిండి వాడండి, ఆరాక పుస్తకాల కింద ఒక పూట పెట్టండి. దాచిన బొమ్మను పరీక్షించేది ఎదురుగా కాదు, కిటికీ వెలుతురులో కాగితాన్ని పక్కకు వంచి.

బొమ్మ రావట్లేదు, వచ్చినా వెలిసినట్టుంది

చాలాసార్లు వంట సోడా వాడి ఉంటారు. దాని క్షారం తక్కువ, కాఫీ మరకలాంటి రంగు వస్తుందే తప్ప అంత ఎర్రదనం రాదు. బట్టల సోడా వేరు, వంట సోడా వేరు, పొట్లం చూసి కొనండి.

సున్నపు తేటతో గీసేవాళ్ళు కూడా ఉన్నారు, ఎర్రనీళ్ళ అలవాటు కొద్దీ. సున్నం గాలికి సుద్దగా మారిపోతుంది. గీసిన గంటలో చూపిస్తే వస్తుంది, రేపటికి ఉంచితే చచ్చిపోతుంది. సోడా గీత కూడా గాలిలో మెల్లగా బలం తగ్గుతుంది కాబట్టి ముందురోజు గీసుకోండి, నెల ముందు గీసి పెట్టెలో దాచొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో మైదానంలో చేస్తే ఇంకో తంటా: స్పిరిట్ కాగితం చేరేలోపే సగం ఎగిరిపోతుంది, మిగిలిన కాస్త తడి గీతను కరిగించేలోపు ఆరిపోతుంది. ఎండాకాలం సగం సగం కలిపి, అడుగు దూరం నుంచి రెండు విడతలుగా కొట్టండి. ద్రావణంలో నీళ్ళు కలపగానే కాస్త మసకబారుతుంది, అది తప్పు కాదు. కానీ కలిపి రోజంతా ఉంచితే పసుపు అడుగుకు దిగిపోతుంది, అందుకే ప్రదర్శనకు ముందే కలపమన్నది. నానబెట్టిన స్పిరిట్‌ను ఎండలో పెట్టొద్దు, వెలుతురుకు పసుపు రంగు విరుగుతుంది.

పసుపు పొడి మీదే అనుమానముంటే తడి సబ్బు మీద చిటికెడు రుద్దండి. ఎర్రబడకపోతే అందులో పసుపు కన్నా రంగే ఎక్కువ. మైదుకూరు వైపు నుంచి కొమ్ములు తెచ్చుకుని పట్టించుకుంటే ఈ గొడవే ఉండదు.

బొమ్మ పక్కన ఎర్ర వేలిముద్రలు

సబ్బుతో కడిగిన చేతులు సరిగా తొలవలేదు. లేదా విభూతి. బూడిదలో క్షారం ఉంటుంది, వేషం కోసం పూసుకుని ఆ చేత్తో కాగితం పట్టుకుంటే అయిదు వేళ్ళూ అచ్చు పడతాయి. కాగితాన్ని అంచుల దగ్గరే పట్టుకోండి.

మిగతావి

సీసా మూసుకుపోతే వడకట్టడం తక్కువైంది. మళ్ళీ వడకట్టి, ముక్కును ఉత్త స్పిరిట్‌లో ఉంచి తీయండి. రంగు కారిపోతే కాగితం నిలువుగా పెట్టి ఒకే చోట కొట్టారు. కాస్త వాల్చి, చెయ్యి ఆడిస్తూ కొట్టండి. ఒకే కట్టలో కొన్ని కాగితాలు బాగా వచ్చి కొన్ని రాకపోవడం చాలా అరుదు, దాని వెనకపడొద్దు, కట్ట మార్చండి. బట్టల మీద పడిన పసుపు మాత్రం సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది. కంగారు పడకండి, తొలిచి ఎండలో వేస్తే రంగు తగ్గుతుంది.