రోటరీ కట్టర్ తిప్పడానికి పెట్రోల్ ట్రాక్టరా, డీజిల్ ట్రాక్టరా?

మన ఊళ్లలో ట్రాక్టరంటే డీజిలే కాబట్టి అక్కడ ఈ ప్రశ్నే రాదు. అమెరికాలో టెక్సస్‌లోనో జార్జియాలోనో ఐదారెకరాలు కొని, నడుము ఎత్తు పెరిగిన గడ్డీ తుప్పలూ రోటరీ కట్టర్‌తో (ట్రాక్టర్ వెనక తగిలించే, గిర్రున తిరిగే బరువైన బ్లేడున్న యంత్రం) కొట్టాల్సి వచ్చినవాళ్లకు మాత్రం తప్పదు. అక్కడ 1950ల నాటి పెట్రోల్ ఫోర్డ్ ట్రాక్టర్లు ఇప్పటికీ చౌకగా దొరుకుతాయి. పనిచేసే డీజిల్ బండికి అంతకు చాలా ఎక్కువే పెట్టాలి.

ముందు పీటీఓ హెచ్‌పీ చూడండి, ఇంధనం సంగతి తర్వాత. పీటీఓ అంటే వెనక తగిలించిన యంత్రానికి ఇంజిన్ శక్తిని అందించే తిరిగే షాఫ్ట్. పీటీఓ దగ్గర 30 హెచ్‌పీ వస్తుంటే అది పెట్రోల్‌దైనా డీజిల్‌దైనా బ్లేడుకు ఒకటే. 1964లో వచ్చిన మాస్సీ ఫెర్గూసన్ 135నే తీసుకోండి. పెట్రోల్ ఇంజిన్‌తోనూ, పెర్కిన్స్ మూడు సిలిండర్ల డీజిల్‌తోనూ అమ్మారు. పీటీఓ దగ్గర రెండిటికీ తేడా రెండు మూడు హెచ్‌పీలే. బానెట్ మీది అంకెను మాత్రం నమ్మవద్దు. 25 అని రాసున్న చిన్న హైడ్రోస్టాటిక్ (గేర్లకు బదులు నూనె ఒత్తిడితో నడిచే) డీజిల్ బండి పీటీఓ దగ్గర 18–20 ఇస్తుంది. 1947–52 మధ్య తయారైన పెట్రోల్ ఫోర్డ్ 8ఎన్, ఇంజిన్ బాగుంటే, 23 దాకా ఇస్తుంది.

కట్టర్ వెడల్పులో అడుగుకు 5 హెచ్‌పీ లెక్కేసుకోండి: 4 అడుగులకు 20, 5 అడుగులకు 25, 6 అడుగులకు 30. ఇది గడ్డికి. వేలు లావు కొమ్మలుంటే ఇంకొంచెం ఉండాలి. ఈ లెక్కన 8ఎన్‌కు 4 అడుగుల కట్టరే సరి. 5 అడుగులది తగిలిస్తే పలచటి గడ్డిలోనే నడుస్తుంది.

మరి డీజిల్ ఇంజిన్‌కు లాగే బలం ఎక్కువని అందరూ ఎందుకంటారు? ఒత్తు గడ్డి తగిలి ఆర్‌పీఎం పడిపోయినప్పుడు మంచి డీజిల్ ఇంజిన్‌కు టార్క్ (తిప్పే బలం) కాస్త పెరుగుతుంది, ఆ బలంతో నిలదొక్కుకుంటుంది. పాత పెట్రోల్ ఇంజిన్‌లో గవర్నర్ (వేగం తగ్గకుండా చూసే పరికరం) థ్రాటిల్‌ను పూర్తిగా తెరిచేశాక ఇక మిగిలేదేమీ ఉండదు. ఇక్కడ ఆర్‌పీఎం చాలా ముఖ్యం. బ్లేడులో నిల్వ ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. పీటీఓ వేగం 540 ఆర్‌పీఎం నుంచి 400కు పడితే ఆ శక్తి 55 శాతమే మిగులుతుంది. గడ్డి తెగదు, వంగి మళ్లీ లేస్తుంది. అందుకే పెట్రోల్ బండికి కట్టర్ ఒక అడుగు తగ్గించుకోవడం తెలివైన పని.

ఖర్చు సంగతి. లోడు మీద గంటకు పెట్రోల్ అయితే ఒక్కో పీటీఓ హెచ్‌పీకి 0.06 గాలన్, డీజిల్ అయితే 0.044 గాలన్ అని లెక్కగడతారు. 25 హెచ్‌పీకి గంటకు 1.5 గాలన్లు, 1.1 గాలన్లు అన్నమాట. ఏడాదికి ఇరవై గంటలు కొట్టేవాళ్లకు ఆ ఆదా పెద్దది కాదు. వందల గంటలు నడిపేవాళ్లు డీజిలే తీసుకోవాలి.

ఇంజిన్ కంటే ఎక్కువ పరీక్షగా చూడాల్సింది క్లచ్. 8ఎన్‌లో పీటీఓ గేర్‌బాక్స్ వెంట తిరుగుతుంది. క్లచ్ తొక్కినా, తిరుగుతున్న బరువైన బ్లేడు షాఫ్ట్ ద్వారా గేర్లను తోస్తుంది, బండి ముందుకే పోతుంది. కంచె దగ్గరా చెరువు గట్టు మీదా ఇది ప్రాణాంతకం. దీనికి మందు ఓవర్‌రన్నింగ్ క్లచ్, అంటే బ్లేడు వెనక్కి బండిని తోయకుండా ఒకవైపే శక్తిని పంపే జోడింపు. పాత ఫోర్డుల పీటీఓ కొన 1⅛ అంగుళాలు, కట్టర్ షాఫ్టుకు 1⅜ కావాలి. ఆ సైజు మార్చే ఓవర్‌రన్నింగ్ క్లచ్‌లే దొరుకుతాయి. అది తగిలించాక షాఫ్ట్ పొడవు పెరుగుతుంది కాబట్టి కట్టర్‌ను పైకీ కిందికీ ఆడించి, షాఫ్ట్ ఎక్కడా పూర్తిగా ముడుచుకుని కొనకు గుద్దుకోకుండా కొలిచి కోయించండి. ఇది ఉన్నా పీటీఓ ఆపగానే బ్లేడు ఆగదు. పూర్తిగా నిలిచేదాకా దిగవద్దు.

క్లచ్ తొక్కితే 8ఎన్‌లో హైడ్రాలిక్ పంపు కూడా ఆగుతుంది, కట్టర్ పైకి లేవదు. పైగా అందులో బాగా నెమ్మదిగా నడిచే గేరు లేదు. ఒత్తు గడ్డిలో బండిని నెమ్మది చేయాలంటే ఆర్‌పీఎం తగ్గించాలి, తగ్గిస్తే బ్లేడూ తగ్గుతుంది. పెట్రోలే కొనాలనుకుంటే ఫోర్డ్ 660 గానీ 860 గానీ వెతకండి. వాటికి ఐదు గేర్లు, లైవ్ పీటీఓ (బండి ఆగినా తిరిగే పీటీఓ) ఉంటాయి. క్లచ్ సగం తొక్కితే బండి ఆగుతుంది, బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. 640, 650లకు లైవ్ పీటీఓ లేదు, పేర్లు చూసి పొరబడకండి.

కొనే ముందు కట్టర్ తగిలించి చూడండి. ఇంజిన్‌ను పది నిమిషాలు వేడెక్కనిచ్చి, తక్కువ ఆర్‌పీఎంలో పీటీఓ వేసి, మెల్లగా 540కి తీసుకెళ్లండి (8ఎన్‌లో ఇంజిన్ దాదాపు 1500). సగం వెడల్పుతో ఒక సాలు, తర్వాత పూర్తి వెడల్పుతో ఒక సాలు కొట్టండి. డీజిల్ నల్లటి పొగ ఆపకుండా వదిలితే లోడు ఎక్కువైందని, లేదా గాలి ఫిల్టరో నాజిళ్లో పాడయ్యాయని అర్థం. పెట్రోల్ ఇంజిన్ ఖాళీగా బాగా తిరిగి లోడులో తడబడితే స్పార్క్ ఇచ్చే పాయింట్లు, కండెన్సర్, కార్బొరేటర్ మెయిన్ జెట్ చూడాలి. అవి బాగుండీ శక్తి లేకపోతే కంప్రెషన్ కొలవండి. ఒక సిలిండర్ మిగతావాటికంటే బాగా తక్కువుంటే వాల్వులో, పిస్టన్ రింగులో, హెడ్ గ్యాస్కెట్టో కారుతున్నట్టు.

కట్టర్ ముందు అంచు వెనక కంటే అర అంగుళం నుంచి అంగుళం కిందికి ఉంచితే తక్కువ శక్తితో తెగుతుంది. వెనక దించితే అదే గడ్డిని పదేపదే నలుపుతూ హెచ్‌పీ తినేస్తుంది. షియర్ బోల్టు (బ్లేడుకు దెబ్బ తగిలితే ముందు తానే తెగేలా పెట్టిన మెత్తటి బోల్టు) తెగిందని గట్టి బోల్టు వేస్తే తర్వాత తెగేది గేర్‌బాక్స్ పళ్లే. దానికి బదులు స్లిప్ క్లచ్ (లోడు మించితే జారిపోయే క్లచ్) ఉంటే ఏడాదికోసారి స్ప్రింగులు వదులు చేసి ఒక్క క్షణం జారనివ్వండి. తుప్పుపట్టి అతుక్కుంటే అది ఉన్నా లేనట్టే.

ఎండు గడ్డిలో నిప్పు ప్రమాదం రెండిటికీ ఉంది. కింద సైలెన్సర్ ఉన్న పాత పెట్రోల్ బండికి మరీ ఎక్కువ. గంటకోసారి ఆపి, సైలెన్సర్ చుట్టూ చేరిన గడ్డి తీసేయండి. ఇంజిన్ వేడిగా ఉండగా ట్యాంకులో పెట్రోల్ పోయవద్దు. పని అయ్యాక నెలల తరబడి బండి ఆపేస్తుంటే, ఇథనాల్ కలిసిన పెట్రోల్ కార్బొరేటర్‌లో జిగురు కడుతుంది. ట్యాంకు కాక్ మూసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడపండి. డీజిల్‌కు ఆ బాధ లేదు గానీ ట్యాంకులో నీరు చేరకుండా నిండుగా ఉంచాలి.