కారు బ్యాటరీ ఇంట్లో మార్చే ముందు

ఇంజను ఆపి, తాళం తీసి పక్కన పెట్టండి. ఉంగరం, కడియం, వాచీ తీసేయండి.

అన్నిటికన్నా ముఖ్యం వరస. బ్యాటరీ వైర్లు విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. కారు బాడీ మైనస్‌తో కలిసి ఉంటుంది కాబట్టి, మైనస్ ఊడదీయకుండా ప్లస్ విప్పితే, స్పానరు బాడీకి తగలగానే నిప్పురవ్వలు లేస్తాయి. పైగా బ్యాటరీ నుంచి హైడ్రోజన్ అనే మండే వాయువు వస్తుంది. చుట్ట, బీడీ కాల్చేవాళ్లను దూరంగా ఉండమనండి.

మన కోనసీమ తేమగాలికి టెర్మినళ్ల (వైర్లు బిగించే ప్లస్, మైనస్ కొసల) మీద పొడి తొందరగా పేరుకుంటుంది. అందులో యాసిడ్ ఉండొచ్చు, ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. రబ్బరు గ్లౌజులతో, వంటసోడా నీళ్లతో తోమండి. కళ్లకు రక్షణ అద్దాలు మరవకండి.

కొత్తదానికి ప్లస్ ఏ వైపుందో ముందే చూసుకోండి. బరువు 10 కేజీలు దాటొచ్చు, సాయం పిలవండి.

పాతది కాలవ గట్టున పారేయొద్దు. అందులోని సీసం చేపల చెరువుల దాకా పోతుంది. షాపులోనే ఇచ్చేయండి.