బంతి కంటే ముందు బెలూన్: ఆటిజం ఉన్న చిన్నపిల్లలతో ఇంట్లో ఆటలు

ఆటిజం ఉన్న మూడు నాలుగేళ్ల పిల్లల్లో చాలామందికి మెట్లెక్కడం, బంతి పట్టుకోవడం, ఒంటికాలి మీద నిలబడటం కాస్త ఆలస్యంగా వస్తాయి. బద్ధకం కాదది. కొందరికి కండరాల్లో పట్టు తక్కువ, కొందరికి ఏ కదలిక తర్వాత ఏది అన్నది వరస కుదరదు.

బంతితో మొదలుపెట్టకండి. బెలూన్ నెమ్మదిగా కిందికి దిగుతుంది కాబట్టి చూసి చేయి చాపడానికి టైమ్ దొరుకుతుంది (పేలిన చప్పుడుకి హడలిపోయే పిల్లలైతే పల్చటి చున్నీ ఎగరేయండి, పగిలిన బెలూన్ ముక్కలు మాత్రం నోట్లో పెట్టుకోకుండా వెంటనే తీసేయాలి). అది వచ్చాక పెద్ద మెత్తటి బంతిని ముందు దొర్లించి, ఆ తర్వాతే దగ్గర నుంచి విసరండి. "చూడు, చేతులు చాపు, పట్టుకో, అయ్యో" అని గబగబా చెబితే ఏదీ ఎక్కదు. చేసి చూపించి, ఒక్క మాట చెప్పి, మనసులో పది లెక్కపెట్టుకుంటూ ఆగండి. ఆ ఆగడమే మనకు రాదు!

సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గళ్లు గీసి దూకించండి. వేళ్లకు చపాతీ పిండి పిసకడం చాలు.

3–4 ఏళ్ల పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. టెన్షన్ పడకండి, ఒకేసారి కాదు, ఐదేసి పదేసి నిమిషాలుగా రోజంతా. ఆడుతూ పిల్లలు చెవులు మూసుకుంటే ఇక చాలన్నట్టే, ఆ పూటకు ఆపేయండి. ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తుంటే ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి.